వినేవాళ్ళ గది – 11: తొమ్మిదేళ్ళ కిందటి కాగితం

క్రితం వారం చెవులత్తని గోడవైపు తిప్పిన కుర్చీలో కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే ఉంది.

ఈ కథ ఇప్పుడే అందుకున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఆమె పనిచేసేది మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో. ఎంత పెద్దదంటే, లోపలికి తీసుకొచ్చే బస్సులు వేరు, లోపల తిరిగే బస్సులు వేరు. బట్టలుతికే మెషీన్‌లో పెట్టే మోటారు అట్టపెట్టెలోకి వెళ్ళేముందు ఒక మనిషి దాన్ని విని బాగుందనాలి. ఆ మనిషి ఈవిడే. మెత్తటి పలకలు అతికించిన గోడల మధ్య, చిన్న గదిలో, ఒక్కతే కూర్చుంటుంది. గోడలో ఉన్న రెక్క తోసుకుని మోటారు వస్తుంది, తొమ్మిది సెకన్లు తిరుగుతుంది. ఆమె పచ్చ బటనో ఎర్ర బటనో నొక్కుతుంది. మోటారు అవతలి రెక్క తోసుకుని వెళ్ళిపోతుంది. అందుకే కుర్రకారంతా ఆమెని చెవులత్త అంటారు. ఆ పేరంటే ఆమెకి చెప్పలేనంత గర్వం.

ఆ చెవులు పనిచేయవన్న సంగతి ఆమెకీ మనకీ తప్ప ఎవరికీ తెలియదు. ఐదేళ్ళుగా పెన్సిలు ఒక కొస పళ్ళ మధ్య బిగించి, రెండో కొస మోటారుకి ఆనించి, పళ్ళలోకి వచ్చే వణుకుని బట్టి మంచిదో చెడ్డదో చెబుతోంది. మనుషుల మాటల్ని పెదవులు చూసి పట్టుకుంటోంది. ఏటా జరిగే చెవి పరీక్షలో, అద్దంలో పాత నర్సు మోచేయి కదలడం చూసి బటన్ నొక్కి గట్టెక్కుతోంది. ఈ ఏడు పాత నర్సు రిటైరైంది. కొత్త నర్సు రావడం రావడమే కుర్చీని గోడవైపు తిప్పేసింది. పరీక్ష తప్పితే పనికి పనికిరాదని ఇంటికి పంపిస్తారు. ఉద్యోగం ఉన్నంతకాలమే క్వార్టరు, ఉద్యోగం ఉన్నంతకాలమే కంపెనీ కాలేజీలో కూతురి చదువు. ఆ పిల్లకి ఇంకా ఏడాదిన్నర చదువుంది.

ఇక కుర్చీ దగ్గరికి వెళ్దాం.

ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. లేత నీలం గోడ, మధ్యలో ఎవరో మేకు కొట్టి పీకేసిన గుంట. చెవులత్త ఆ గుంటనే చూస్తూ కూర్చుంది. చెవులకి బరువైన హెడ్‌ఫోన్, చేతిలో బటన్. కూత వినపడగానే నొక్కాలి.

ఐదేళ్ళ అనుభవం ఎక్కడికి పోతుంది? పాత నర్సు మోచేయి ఎంతెంత సేపటికి ఊగేదో ఒంటికే గుర్తుంది. నాలుగు ఊపిర్లకి ఒకటి, తర్వాత రెండు వెంటవెంటనే, ఆపైన కాస్త ఎడం. ఆ లెక్క కుదుర్చుకుని నొక్కడం మొదలుపెట్టింది. మరీ అన్నీ వినపడితే అనుమానం వస్తుందని మధ్యలో ఒకటి రెండు కావాలని వదిలేసింది కూడా. పద్నాలుగుసార్లు నొక్కింది. పర్లేదు, ఈ ఏటికి గండం గడిచినట్టే అనుకుంది.

కుర్చీ మెల్లగా ఇటు తిరిగింది. కొత్త నర్సు ఎదురుగా వంగి నిలబడి ఉంది. చిన్నపిల్ల, కూతురికంటే నాలుగైదేళ్ళు పెద్దది ఉంటుందేమో. హెడ్‌ఫోన్ తీసి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"అమ్మా, నేనింకా మెషీన్ ఆన్ చెయ్యలేదు."

చెవులత్తకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముసలితనంలో బడిలో కాపీ కొడుతూ దొరికిపోయినట్టయింది. మామూలుగా తనకి నవ్వొచ్చే సంగతే. ఇంకెవరికైనా జరిగుంటే ఏడాదిపాటు చెప్పుకుని నవ్వేది.

"జలుబు చేసిందమ్మాయ్" అంది. "రెండ్రోజుల్నుంచి చెవులు దిబ్బడేశాయి."

నర్సు ఆ మాట కాదనలేదు. కోప్పడలేదు కూడా. బల్ల మీదున్న లావుపాటి ఫైలు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. పెదవులు బాగా కనపడేలా ముఖం వెలుతురు వైపు తిప్పింది. ఆ తిప్పడంలోనే చెవులత్తకి తెలిసిపోయింది, ఈ పిల్లకి అంతా తెలుసని.

"నిన్నే మీ ఫైలంతా చదివాను. అందుకే కుర్చీ తిప్పాను. మీ చెవులు ఎప్పుడు పోయాయనుకుంటున్నారు?"

ఇక దాచి లాభం లేదు. "ఐదేళ్ళయింది. వయసు మీద పడిందిగా" అంది చెవులత్త. "ఆ గదిలో పొద్దస్తమానం చెవులు రిక్కించి రిక్కించి, అరిగిపోయుంటాయి."

నర్సు ఫైలు తిప్పి ఒక కాగితం ముందుకు జరిపింది. గళ్ళ కాగితం. దాని మీద రెండు గీతలు, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. మొదట్లో తిన్నగా నడిచి, సగం దాటాక రెండూ మెట్ల మీంచి జారిపడ్డట్టు కిందికి పడిపోయాయి. తేదీ చూసింది. తొమ్మిదేళ్ళ కిందటిది. అప్పటికి ఆమె వినే గదిలోకి రానేలేదు. రేకుల్ని సుత్తిపోటుతో వంచే ప్రెస్ షాపులో ఉంది.

కింద ఎవరో డాక్టరు రాసిన రెండు వరుసలు. నర్సు వేలు పెట్టి చూపించింది. 'పెద్ద శబ్దంలో పనిచేయడం వల్ల రెండు చెవులకూ నష్టం. ఉద్యోగికి తెలియజేయాలి.' దాని కింద 'తెలియజేశాం' అన్న చోట ఒక సంతకం ఉంది.

ఆ సంతకం తనది కాదు. ఎవరిదో చెవులత్తకి ఎవరూ చెప్పక్కర్లేదు. పదకొండేళ్ళపాటు రోజూ ప్రెస్ షాపు హాజరు పుస్తకంలో తన పేరు పక్కన చూసిన సంతకమే.

"తర్వాతి ఎనిమిదేళ్ళ కాగితాలూ చూడండి" అంది నర్సు. "అన్నీ 'సాధారణం'. ఒకే పెన్ను, ఒకే చెయ్యి, పాత నర్సుది. మీ చెవుల్ని వయసు అరగదీయలేదమ్మా. మీకు చెప్పకుండా దాచారు."

ఆ మోచేయి అంత పెద్దగా, గాలిపటం ఎగరేస్తున్నట్టు ఎందుకు ఊగేదో ఇప్పుడు అర్థమైంది. తను పాత నర్సుని మోసం చేస్తున్నానని ఐదేళ్ళుగా సంబరపడింది. ఎవరు ఎవర్ని మోసం చేశారు?

నర్సు ఇంకా మాట్లాడుతోంది. ఐదు గంటలకి ఫైళ్ళన్నీ పై ఆఫీసుకి వెళ్ళిపోతాయట. ఈలోపు తను ఏదో ఒకటి రాయాలట. "వినపడుతుందని మాత్రం రాయను. నా చేత్తో అబద్ధం రాయను. కానీ రెండు రకాలుగా రాయొచ్చు. ఈ పాత కాగితం జతచేసి రాస్తే, కంపెనీ వల్లే పోయాయని పై ఆఫీసు ఒప్పుకోవాల్సొస్తుంది. ఒప్పుకోరు, పోట్లాట అవుతుంది. జతచేయకుండా రాస్తే, వయసు వల్ల అని ముగిసిపోతుంది. నాలుగింటికి వస్తారా? మీరేం చెబితే అది."

ఒక్క మనిషి, ఒక్క మధ్యాహ్నం. అవతల పదివేలమంది పనిచేసే కంపెనీ. చెవులత్త తలూపి లేచింది. తలూపిందే గానీ దేనికి ఊపిందో ఆమెకే తెలియదు.

ప్రెస్ షాపు ఆవరణకి ఆ చివర ఉంది. దాని దగ్గరికి వెళ్తుంటే ముందు పాదాలకి తెలుస్తుంది, తర్వాత మోకాళ్ళకి. లోపల ముప్పై మెషీన్లు ఒకదాని తర్వాత ఒకటి రేకుల మీద పిడిగుద్దులు గుద్దుతుంటాయి. అక్కడ మాట్లాడ్డం దండగ. అందుకే అక్కడివాళ్ళకి సొంత చేతిభాష ఉంది. చిటికెన వేలెత్తితే టీ. రెండు పిడికిళ్ళు నెత్తిమీద పెడితే పై ఆఫీసు వాళ్ళు వస్తున్నారని. బుగ్గ మీద వేలు పెడితే పెళ్ళాంతో గొడవైందని. కొత్తగా చేరినవాళ్ళు నెలలో నేర్చుకుంటారు, రెండేళ్ళలో ఆ చేతులతోనే జోకులేస్తారు. పదకొండేళ్ళు చెవులత్త కూడా అలాగే గలగలా మాట్లాడింది. అందరూ చేతులతోనే మాట్లాడే చోట ఎవరికి వినపడుతుందో ఎవరికి వినపడదో కనిపెట్టేదెవరు? ఇంటికెళ్ళి టీవీ శబ్దం పెంచుకుంటారు. పక్కింటివాళ్ళు తిట్టుకుంటారు. అంతే.

ఆమె వెతుక్కుంటూ వచ్చిన మనిషి వరుసల మధ్య నిలబడి ఎవరికో రేకు ఎలా పట్టుకోవాలో చూపిస్తున్నాడు. సూపర్‌వైజరు. ఎవరు ఏ తగువు తెచ్చినా "సర్దుకుందాం" అంటాడని అందరూ సర్దుబాటు అంటారు. చెవులత్తకి మాత్రం అన్నయ్య. పనిలో చేరిన మొదటి రోజు ఆమెకి చేతిభాష నేర్పింది ఆయనే. భర్త చనిపోయినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటిదాకా వెంట ఉన్నది ఆయనే. ఎనిమిదేళ్ళ కిందట "నీ చెవులు బంగారం చెల్లెమ్మా, నీలాంటి మనిషి ఇక్కడ ఉండకూడదు" అని వినే గదికి పంపించిందీ ఆయనే. ఆ మాట ఆమె కూతురికి చెప్పింది, ఇరుగుపొరుగుకి చెప్పింది, బస్సులో పక్కన కూర్చున్న కొత్తవాళ్ళక్కూడా చెప్పింది.

ఆయన్ని చూడగానే చెవులత్త చేతులు వాటంతటవే లేచాయి. తొమ్మిది వేళ్ళు చూపించింది. చెవి చూపించింది. గాలిలో సంతకం పెట్టి, ఆయన గుండెల మీద వేలు పొడిచింది.

సర్దుబాటు ముఖం పాలిపోయింది. అరచెయ్యి కిందికి ఆడించాడు, తర్వాత మాట్లాడదాం అని. ఆమె వినిపించుకోలేదు. ఇంకా పెద్దగా చేతులు తిప్పింది. చుట్టుపక్కల ముప్పై మెషీన్ల దగ్గరా తలలు ఇటు తిరిగాయి. లోకంలో ఎక్కడైనా గోలలో రహస్యం మాట్లాడుకోవచ్చు. అక్కడ మాత్రం గోల ఎంతున్నా, ఎత్తిన ప్రతి చెయ్యీ అందరికీ అర్థమైపోతుంది. ఆయన గబగబా ఆమె భుజం పట్టుకుని అద్దాల గదిలోకి తీసుకెళ్ళి తలుపేశాడు.

నిశ్శబ్దంలోకి తీసుకెళితే ఆమెకి సుఖంగా ఉంటుందనుకున్నాడు కాబోలు. బల్ల వెనక కుర్చీలో కూలబడి, తల దించుకుని, ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. నెరిసిన జుట్టు కదులుతోంది, భుజాలు కదులుతున్నాయి. తొమ్మిదేళ్ళ నిజం ఆ బల్లకి చెబుతున్నాడు.

"తలెత్తి చెప్పన్నయ్యా" అంది చెవులత్త. "నాకు నువ్వు కనపడితేనే వినపడుతుంది."

ఆయన తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంటికి పంపించేసేవాళ్ళమ్మా నిన్ను. అప్పుడు మీ ఆయన మంచంలో ఉన్నాడు. పిల్లది బళ్ళో ఉంది. నేను ఆ కాగితం నీ చేతిలో పెట్టుంటే, వారంలో నీ చేతిలో ఇంకో కాగితం పెట్టేవాళ్ళు. కనీసం ఆ మిగిలిన చెవులైనా మిగులుతాయని గోలలోంచి బయటికి లాగాను. తప్పా?"

"చెప్పకపోవడం తప్పు."

"చెబితే నువ్వు ఊరుకునేదానివా?"

ఊరుకునేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఇటు చూడు" అన్నాడు ఆయన, ఎడమ చెవి మీద తట్టుకుంటూ. "నాకూ ఇది లేదు. ప్రెస్ షాపులో ఎవరికుందని? అయినా ఎవరు మానేశారు? మా తమ్ముడు చిన్న వర్క్‌షాపులో చేశాడు, గుర్తుందిగా? వేలు తెగింది. మర్నాడు రావద్దన్నారు. ఇక్కడ మీ ఆయనకి రెండు ఆపరేషన్లు చేయించిందెవరు? ఇంటి పైకప్పు కారితే చీటీ రాసిస్తే మనుషులొచ్చి బాగుచేసి పోతున్నారు. పిల్లది చదువుతోంది. కంపెనీ కార్డు చూపిస్తే ఏ కొట్టువాడైనా కుర్చీ వేస్తాడు. ఒకచేత్తో తీసుకుంది, నిజమే. ఇంకో చేత్తో ఇవ్వలేదా?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే చెవులత్తకి ఎక్కువ బాధేసింది. ఇరవై ఏళ్ళుగా కంపెనీ ఆమెని కడుపులో పెట్టుకుని చూసుకుంది. జ్వరమొస్తే మందులిచ్చింది, చలికాలం స్వెట్టరిచ్చింది, ఏటా పుట్టినరోజుకి కార్డు పంపించింది. ఆ కార్డు మీద పేరు తప్పుగా పడేది, అది వేరే సంగతి.

"మీ తమ్ముణ్ణి పొమ్మన్నవాడి ఇల్లు మీ తమ్ముడికి తెలుసు" అంది. "వాడి గుమ్మంలో నిలబడి నాలుగు తిట్టొచ్చాడు. వాడు తలుపేసుకుని కూర్చున్నాడు. నేనెవర్ని తిట్టను? నిన్ను తిడితే నువ్వు పైవాళ్ళంటావు. వాళ్ళు ఇంకా పైవాళ్ళంటారు. పైకి పోతూ పోతూ ఉంటే చివరికి ఒక గోడ గడియారం ఉంటుందనుకుంటా. దాన్ని తిట్టనా?"

సర్దుబాటు నవ్వబోయి మానుకున్నాడు. నర్సు ఏమేం రాయొచ్చందో, నాలుగింటికి ఎందుకు రమ్మందో ఆమె చెప్పింది.

"నాలుగింటికి ముందు నేను నర్సుతో మాట్లాడతాను. వయసు వల్లని రాయిస్తా. స్టోర్స్‌లో కుర్చీ పని ఒకటి ఖాళీ ఉంది, అందులో వేయిస్తా. పిల్ల చదువయ్యేదాకా ఎవరూ నిన్ను కదపరు. నువ్వు ఈ సాయంత్రం దాకా నోరు మెదపకు, చాలు. సర్దుకుందాం చెల్లెమ్మా."

"మరి వినే గదో? నేను తప్పుగా పంపించిన మోటార్లు ఎన్నుంటాయో? అందుకే కదా పరీక్ష అంటే నాకంత భయం. రాత్రుళ్ళు ఎవరి ఇంట్లో ఏ మోటారు కాలిపోయిందో అని పడుకోను."

ఇక్కడే సర్దుబాటు నోరు జారాడు. ఆమెకి ధైర్యం చెబుదామనే జారాడు, అది కూడా మనం రాసుకోవాలి.

"దానికి నువ్వేం భయపడక్కర్లేదే. ఆ బటన్లు దేనికీ కలపలేదుగా!"

చెవులత్త ఆయన పెదవుల వైపే చూస్తోంది. మళ్ళీ చెప్పమంది. ఆయన చెప్పలేక చెప్పాడు. బల్ల కింద ఒక ఇనప పెట్టె ఉంది. అదే మోటారు వణుకుని కొలిచి, రెక్క అవతల ఆమెకి కనపడని చోట మంచివి ఇటూ, చెడ్డవి అటూ పంపిస్తుంది. ఎనిమిదేళ్ళుగా, ఆమె వచ్చిన మొదటి రోజు నుంచి. కాకపోతే మోటార్లు కొనే కంపెనీవాళ్ళ ఒప్పందంలో 'మనిషి విని ఒప్పుకోవాలి' అని ఒక వరుస ఉంది. వాళ్ళ తనిఖీదార్లు వచ్చినప్పుడు అద్దంలోంచి చూస్తే లోపల ఒక మనిషి కనపడాలి, ఆ మనిషి బటన్ నొక్కుతూ ఉండాలి. నొక్కితే లెక్క పడుతుంది, మోటారు దారి మాత్రం మారదు.

"అందుకే నీకు ఆ గది ఇప్పించగలిగాను" అన్నాడు. "నీ వల్ల ఎవరికీ నష్టం లేదని తెలిసే ఇప్పించాను."

బంగారం లాంటి చెవులు. భర్త పోయిన రోజు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు ఆమెకి. ఆ రోజు ఇల్లు ఖాళీ అయింది గానీ, మర్నాడు పొద్దున వెళ్ళి కూర్చోవడానికి ఒక గది ఉంది. అందులో తను లేకపోతే ఆగిపోయే పని ఉందనుకుంది. కూతురు ఫోన్ చేస్తే వినపడదని ఎత్తకుండా, "పనిలో ఉన్నా" అని మెసేజ్ పెట్టేది. "ఎప్పుడూ పనేనా, నాతో మాట్లాడాలని లేదా" అని ఆ పిల్ల అలిగేది. ఆ అలుకని కూడా ఓర్చుకుంది, పని ఉంది కదా అని.

తలుపు తెరుచుకుని బయటికొచ్చింది. మెషీన్ల దగ్గర్నుంచి ఎవరో చెయ్యెత్తి ఏమైందని అడిగారు. ఆమె చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నడిచింది.

వినే గదిలో మోటార్లు వస్తూనే ఉన్నాయి, వెళుతూనే ఉన్నాయి. ఆమె లేని గంటన్నరలో ఏమీ ఆగలేదు. ముందైతే "అయ్యో, ఎవరూ వినకుండానే ఎన్ని పోయాయో" అని గుండె దడదడలాడేది. ఇప్పుడు మోకాళ్ళ మీద వంగి బల్ల కింద చూసింది. ఇనప పెట్టె అక్కడే ఉంది. ఎనిమిదేళ్ళుగా కాలికి అడ్డం తగిలితే పక్కకి జరిగి కూర్చునేది. దాని నుదుటి మీద గింజంత దీపం. మోటారు తిరిగినప్పుడల్లా పచ్చగా వెలుగుతోంది.

కుర్చీలో కూర్చుని పెన్సిలు కరిచింది. మోటారు వచ్చింది. మంచిది, పళ్ళ మీద నూనె రాసినట్టు నున్నగా ఉంది. కావాలని ఎర్ర బటన్ నొక్కింది. కింద దీపం పచ్చగానే వెలిగింది. మోటారు మామూలుగానే అవతలి రెక్క తోసుకుని వెళ్ళిపోయింది. ఇంకోటి. మళ్ళీ ఎర్ర బటన్. మళ్ళీ పచ్చ దీపం. ఆరు మోటార్లకి ఎర్రది నొక్కింది. చివరికి రెండు బటన్లూ ఒకేసారి నొక్కింది. ఎవరూ ఏమనలేదు. అద్దంలోంచి చూసేవాళ్ళకి మాత్రం మంచి పనిమంతురాలిలా కనపడి ఉంటుంది.

గోడ గడియారంలో మూడూ పదిహేను. నర్సు దగ్గరికి వెళ్ళేసరికి సర్దుబాటు అన్నీ సర్దేసి ఉంటాడు. స్టోర్స్‌లో కుర్చీ. పిల్ల చదువు. క్వార్టరు. కాదనడానికి తనకేమైనా పిచ్చా? నోరు మూసుకుని ఇంకో నలభై ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు. పెన్సిలు తీసి పక్కన పెట్టేద్దామనుకుంది. అలవాటు ఎక్కడికి పోతుంది, తర్వాతి మోటారు రాగానే ఆనించింది.

పళ్ళలో ఇసక పడ్డట్టయింది.

ఎక్కడో లోపల, బేరింగులో తిరిగే గుండ్ల దగ్గర. మొదటి రెండు సెకన్లు నున్నగానే ఉంది. వేగం అందుకున్నాక గరగరమంది, ఆగింది, మళ్ళీ గరగరమంది. ఇలాంటిది ఐదేళ్ళలో మూడుసార్లు తగిలిందేమో. ఇది వారంలో పాడయ్యే రకం కాదు. ఇంట్లోవాళ్ళకి అలవాటైపోయి, మెషీన్ వేసి వేరే గదిలో పడుకున్న రోజున వేడెక్కి, బిగుసుకుపోయి, అంటుకుంటుంది. ఆమె చటుక్కున వంగి పెట్టె వైపు చూసింది.

పచ్చ దీపం.

ఎర్ర బటన్ నొక్కింది. గట్టిగా నొక్కింది. పిడికిలితో గుద్దింది. పచ్చ దీపం అలాగే వెలుగుతోంది, అవతలి రెక్క తెరుచుకుంటోంది.

గోడ మీద బటన్ల పైన ఎర్ర తాడు ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఎవరి చెయ్యైనా మెషీన్‌లో పడితే లాగడానికి. అది మాత్రం నిజంగా కలిపిన తాడు. లాగితే షెడ్డంతా ఆగుతుంది, ఎందుకు లాగారో పై ఆఫీసుకి రాసివ్వాలి. చెవులత్తకి కూతురు గుర్తొచ్చింది. సర్దుబాటు గుర్తొచ్చాడు. ఎవరింట్లోనో వేరే గదిలో పడుకున్న మనుషులు, వాళ్ళు ఎవరో ఆమెకి తెలియనే తెలియదు, వాళ్ళూ గుర్తొచ్చారు. ఆలోచించడానికి మోటారు టైమివ్వలేదు.

తాడు లాగింది.

పెన్సిల్లో, బల్లలో, కుర్చీలో ఉన్న వణుకంతా ఒక్కసారి పోయింది. మోటారు రెక్క కింద సగం బయటికి, సగం లోపలికి ఆగిపోయింది. ఆమె దాన్ని రెండు చేతులా లోపలికి లాగి ఒళ్ళో పెట్టుకుంది. ఇంకా వెచ్చగా ఉంది.

ముందు వచ్చింది నర్సు, చేతిలో మందుల పెట్టెతో. తాడు లాగారంటే ఎవరికో దెబ్బ తగిలిందనే కదా. వచ్చీ రాగానే చెవులత్త చేతులు రెండూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. వెనకాలే ప్యాకింగ్ దగ్గర పనిచేసే ఆవిడ, ఆ వెనక ఎలక్ట్రీషియను. వాళ్ళని తోసుకుంటూ సర్దుబాటు. పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, ఊపిరి అందడం లేదు.

"ఏమైంది? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు" అంది చెవులత్త. "ఈ మోటారు చెడ్డది."

ఎలక్ట్రీషియను వంగి పెట్టె చూసి, ఆమె వైపు తలెత్తాడు. "బాగుందనే చూపిస్తోందిగా అత్తా?"

"దానికి తెలీలేదు."

సర్దుబాటు కళ్ళతోనే వద్దన్నాడు. ఆమె కళ్ళు తిప్పుకుంది. నర్సు వైపు తిరిగి, అందరికీ వినపడేలా, తనకెంత గట్టిగా అరుస్తున్నానో తెలియకుండా చెప్పింది.

"నాకు చెవులు లేవు. తొమ్మిదేళ్ళ కిందటే పోయాయి, ప్రెస్ షాపులో. నాకు చెప్పలేదు. ఆ కాగితం జతచెయ్యమ్మా. ఈ బటన్లు కూడా ఉత్తుత్తివి. కానీ ఈ మోటారు మాత్రం చెడ్డది. ఐదేళ్ళుగా నేను పళ్ళతో వింటున్నాను. కావాలంటే విప్పి చూడండి."

ప్యాకింగ్ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. విప్పితే రెండే రెండు సంగతులు. లోపల తప్పుంటే, ఆ పెట్టె ఎనిమిదేళ్ళుగా బాగున్నాయని పంపించిన మోటార్లన్నిటి సంగతీ తేలాలి, అప్పుడు ఈమెని ఇంటికి పంపించడం ఎవరి తరమూ కాదు. తప్పు లేకపోతే, వినపడని మనిషి ఊరికే షెడ్డంతా ఆపేసింది. అప్పుడు స్టోర్స్‌లో కుర్చీ కూడా లేదు.

సర్దుబాటు చెయ్యి చాచాడు. ఎలక్ట్రీషియను జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి ఇచ్చాడు. ఆమె ఒళ్ళోంచి మోటారు తీసుకుని, బల్ల మీద పెట్టి, ఆమెకి వీపు చేసి నిలబడి, విప్పడం మొదలుపెట్టాడు. నాలుగు మరలు. ఒకటి బల్ల మీద దొర్లింది. రెండోది, మూడోది. నాలుగోది మొరాయించింది. ఎలక్ట్రీషియను అటువైపు నుంచి పట్టుకున్నాడు. మూత లేచింది.

ముగ్గురూ ఒకేసారి లోపలికి వంగారు. నర్సు కూడా తొంగి చూసింది. సర్దుబాటు భుజాలు కదిలాయి, ఏదో అన్నాడు. రెండు మూడు మాటలే అన్నాడు. ప్యాకింగ్ ఆవిడ చెయ్యి నోటి మీంచి కిందికి జారిపోయింది. ఎలక్ట్రీషియను తల గోక్కున్నాడు. నర్సు కళ్ళు మూసుకుంది.

గదిలో ఉన్న అందరికీ తెలిసిపోయింది. ఆ వీపు వైపు చూస్తూ కూర్చున్న చెవులత్తకి తప్ప.